ఎక్స్‌రేకి చిక్కని వాపు

2022 అక్టోబరులో సమంత తనకు మయోసైటిస్ అని ప్రకటించేదాకా ఆ పేరు మన ఇళ్ళల్లో ఎవరమూ విన్నది కాదు. కండరాలకు వాపు తెచ్చే జబ్బది. 'యశోద' విడుదలకు ముందు వచ్చిన ఆ కబురు సినిమా కబురుగానే మిగిలిపోయింది. 2024 ఫిబ్రవరిలో, 'దంగల్'లో చిన్నారి బబిత వేషం వేసిన సుహానీ భట్నాగర్ ఇదే కోవలోని డెర్మటోమయోసైటిస్‌తో ఢిల్లీ ఎయిమ్స్‌లో కన్నుమూసింది. 19 ఏళ్ళే! మొదట చేతికి వాపు వస్తే మామూలే అనుకున్నారట ఇంట్లోవాళ్ళు.

ఆ 'మామూలే' దగ్గరే నా బాధంతా. ఈ జబ్బు అరుదే, కానీ మగవాళ్ళ కంటే ఆడవాళ్ళకే ఎక్కువ. నొప్పి ఉండొచ్చు, లేకపోవచ్చు. అసలు గుర్తు బలం తగ్గడం. జడ వేసుకుందామంటే చేతులు పైన నిలవవు. తీగ మీద బట్టలు ఆరెయ్యలేం. అటక మీది డబ్బా అందుకోలేం. ఇంట్లో చెబితే? "పని ఎక్కువై ఉంటుంది, బామ్ రాసుకో" అంటారు. అదే అయ్యగారి మోకాలైతే ఆ వారమే స్కానింగు!

మా మధురానగర్ నుంచి పంజాగుట్ట దాకా స్కానింగ్ సెంటర్లకేం కొదవ లేదు. లింగ నిర్ధారణ చేయబడదంటూ గోడకి బోర్డు, 1994 చట్టం పుణ్యమా అని. మనకి స్కానింగ్ అంటే కడుపుతో ఉన్నప్పుడు తీసేదే. చేతికైతే ఎక్స్‌రే. అందులో కనబడేది ముఖ్యంగా ఎముక. అది బాగుందన్నంత మాత్రాన కండరం బాగున్నట్టు కాదు.

కండరం సంగతి చూపించేది ఎమ్మారై. కొవ్వు తెలుపును అణిచేసి తీసే బొమ్మల్లో వాపున్నచోటు తెల్లగా మెరుస్తుంది. రేడియేషన్ ఉండదు. అరగంటో ముప్పావుగంటో కదలకుండా పడుకోవాలి. గాజులు, మెట్టెలు, పుస్తెలు అన్నీ తీసెయ్యాలి. పుస్తెల దగ్గర అత్తగార్లు గొణుగుతారు, కాసేపు గొణగనివ్వండి.

అయితే ఆ తెలుపు జబ్బు పేరు చెప్పదు. దెబ్బ తగిలినా, చీము పట్టినా అలాగే మెరుస్తుంది. బయాప్సీకి ముక్క ఎక్కడ తియ్యాలో మాత్రం చూపిస్తుంది. అందుకే వేలు పోసి స్కానింగ్‌కి పరిగెత్తేముందు కీళ్ళవాతం జబ్బులు చూసే రుమటాలజీ డాక్టర్ని కలవాలి. మనకి పంజాగుట్ట నిమ్స్‌లోనే ఆ విభాగం ఉంది. ముందు చేయించేది సీపీకే అనే రక్తపరీక్ష, ఎమ్మారై కంటే ఎంతో చవక. ఈలోగా మందుల షాపులో అడిగి స్టిరాయిడ్ మాత్రలు మింగకండి, వాపు తగ్గి పరీక్షలు తికమకవుతాయి. మింగుడు పడకపోయినా, ఆయాసం వచ్చినా మాత్రం ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళాలి, పండగ పనులున్నా సరే.