రహస్యానికి హద్దురాళ్ళు ఎక్కడ?

రహస్యాలు ఉండకూడదని నేననడం లేదు. రాజ్యమన్నాక రహస్యాలుంటాయి. అయితే ఆ రహస్యం ఎంతవరకు అన్నది కూడా రహస్యంగానే ఉండాలా అన్నదొక్కటే నా ప్రశ్న. రెండు చెలకల నడుమ తగవు వస్తే సర్వేయరును పిలిచి, గొలుసు వేయించి, రాయి పాతిస్తాం. రాయి పాతకుండానే "హద్దు దాటావు" అని తప్పు కట్టించుకునే పెద్దమనిషిని ఏ ఊరూ ఒప్పుకోదు. పటాలు గీసేవాళ్ళ పట్ల మన ప్రభుత్వాల తీరు మాత్రం అచ్చంగా ఇదే.

నేను గీసేవి నీళ్ళ పటాలు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల చెరువులు, తూములు, మత్తళ్ళు, కాలువలు, వాటి పక్కన బాటలు, వాడలు. 2016 అక్టోబరు 11న పాత వరంగల్లు జిల్లా ముక్కలై ఈ జిల్లాలు పుట్టాయి. 2019 ఫిబ్రవరిలో భూపాలపల్లి నుంచి ములుగు విడివడింది. పాత పటాలు పనికిరాకుండా పోయాయి గనుక ఎవరో ఒకరు మళ్ళీ గీయక తప్పదు. కానీ జనగామ మెట్టకు దేవాదుల నీళ్ళు తెచ్చే పంపుహౌసులను, పైపులైన్లను వదిలేస్తే అది నీళ్ళ పటం ఎట్లా అవుతుంది? రైలుపట్టా లేని మహబూబాబాదును ఎవరు గుర్తుపడతారు? సింగరేణి గనులు, చెల్పూరు దగ్గరి 1,100 మెగావాట్ల కాకతీయ థర్మల్ కేంద్రం, మేడిగడ్డ బరాజు తీసేశాక భూపాలపల్లి పటంలో అడవీ గోదావరీ తప్ప మిగిలేదేమిటి? వీటిలో ఏది గీయవచ్చు, ఏది గీయరాదు అని ఒక కార్యాలయాన్ని రాతపూర్వకంగా అడిగితే "సంబంధిత అధికారులను సంప్రదించగలరు" అని జవాబు వచ్చింది. ఆ సంబంధిత అధికారి ఎవరన్నది కూడా రహస్యమే కాబోలు!

ఇక చట్టం సంగతి చూద్దాం. అధికార రహస్యాల చట్టం 1923 నాటిది, తెల్లదొరలు తమ భయానికి కుట్టుకున్న చొక్కా. అందులో రహస్యమంటే ఏమిటో నిర్వచనమే లేదు. దేశభద్రతకు చెరుపు చేసే ఉద్దేశంతో, శత్రువుకు పనికివచ్చే పటం గీస్తే నేరమంటుంది మూడో సెక్షన్. న్యాయమే. అయితే ఆ ఉద్దేశాన్ని సందర్భాన్ని బట్టి, మనిషి నడవడిని బట్టి కూడా తేల్చవచ్చని అదే సెక్షన్ చెబుతుంది. అంటే నేను గీసిన గీతకంటే నా మీద ఉన్న అభిప్రాయమే బరువైనదన్నమాట.

విచిత్రమేమిటంటే, ఆ దొరలు కూడా ఒక మర్యాద పాటించారు. రైలుమార్గాన్నో, నీటి, విద్యుత్తు పనుల స్థలాన్నో నిషిద్ధ ప్రదేశమని చెప్పాలంటే కేంద్ర ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటించాలి. అంతటితో చాలదు, ఆ ప్రకటన ప్రతిని అక్కడ ఇంగ్లీషులోనూ స్థానిక భాషలోనూ అంటించాలి. ఇది రెండో సెక్షన్లోని మాట. మన జిల్లాల్లో స్థానిక భాష తెలుగే కదా! "ఫొటోలు తీయరాదు" అన్న రేకు బోర్డులు చాలా చూశాను. గెజిట్ సంఖ్య, తేదీ ఉన్న తెలుగు ప్రకటన ఒక్కటీ నా కంటబడలేదు.

"2021లో అన్నీ సరళం చేశారు కదా" అంటారు కొందరు మిత్రులు. నిజమే. 2021 ఫిబ్రవరి 15న శాస్త్ర సాంకేతిక శాఖ మార్గదర్శకాలు వెలువరించింది. పటాలు గీయడానికి భారతీయులకు ముందస్తు అనుమతి, లైసెన్సు అక్కరలేదని, స్వీయ ధ్రువీకరణ చాలని చెప్పింది. 2016లో హోంశాఖ తెచ్చిన ముసాయిదా బిల్లులోని నూరు కోట్ల దాకా జరిమానాతో పోలిస్తే అది పెద్ద మేలు. కానీ మార్గదర్శకం చట్టాన్ని మార్చగలదా? ఒక శాఖ పొమ్మన్న దారిలో పోతే ఇంకో శాఖ పట్టుకోదన్న హామీ ఎక్కడుంది?

మరో సలహా ఇంకా తరచుగా వినిపిస్తుంది: "అడిగితే వద్దంటారు, అడక్కుండా గీసుకో." ఇదే అసలు రోగం. చూసీచూడనట్టు వదిలేయడం హక్కు కాదు. అది అధికారి దయ, కిట్టనివాడి మీద కోపం వచ్చిన రోజున ఆ దయ ఆవిరైపోతుంది. వార్ధాలో పోలీసు ఠాణాలో వీడియో తీశాడని ఒకరి మీద ఈ చట్టం కిందే కేసు పెట్టారు. ఠాణా నిషిద్ధ ప్రదేశం కాదని 2022లో బొంబాయి హైకోర్టు నాగపూరు ధర్మాసనం తేల్చేదాకా అతనికి ఊపిరాడలేదు. ఆ మాట ఠాణాకు ముందే తెలిసి ఉండవలసింది కాదా?

ఇంతకీ ఈ దాపరికం దేన్ని కాపాడింది? 2023 అక్టోబరు 21న మేడిగడ్డ బరాజు కుంగింది. పరిశీలనకు వచ్చిన జాతీయ ఆనకట్టల భద్రతా సంస్థ, తాను అడిగిన వివరాలన్నీ అందలేదని నివేదికలో రాసింది. నాటి రాష్ట్ర ప్రభుత్వం ఆ నివేదికను ఒప్పుకోలేదు. ఎవరి మాట నిజమైనా, ఆ వివరాలు మొదటినుంచీ జనం ముందుంటే ఆ తగవే పుట్టేది కాదు. శత్రువుకు ఉపగ్రహాలున్నాయి. పటం లేనిది దిగువన ఉన్న రైతుకే.

చేతకాదని మాత్రం అనవద్దు. 2021 సెప్టెంబరులో డ్రోన్ల కోసం దేశమంతటినీ ఎరుపు, పసుపు, పచ్చ మండలాలుగా విడదీసి పటం బయటపెట్టింది ఈ ప్రభుత్వమే. ఆకాశంలో గీయగలిగిన హద్దును నేలమీద గీయలేరా?

నేను కోరేది మూడే. ఒకటి, జిల్లాలవారీగా నిషిద్ధ ప్రదేశాల జాబితాను గెజిట్ సంఖ్యతో సహా తెలుగులో ప్రకటించండి. రెండు, జాబితాలో లేనిదాన్ని గీస్తే నేరం కాదని రాతపూర్వకంగా చెప్పండి. మూడు, సందేహం వచ్చినవాడు అడగడానికి ఒక అధికారిని నియమించి, సమాచార హక్కులో లాగా ముప్పై రోజుల గడువు పెట్టండి. 1923 చట్టాన్నే రద్దు చేయమని 2006లో రెండో పాలనా సంస్కరణల సంఘం చెప్పింది. నేనడిగేది అంతకంటే ఎంతో చిన్నది.

సమాచార హక్కు కింద పది రూపాయలు కట్టి దరఖాస్తు పెట్టవచ్చు. మీలో ఎందరో మీ ఊళ్ళ చరిత్రలు, చిత్రాలు, పటాలు తెలుగులో ఎక్కించినవారే. ఈ మూడు ప్రశ్నలనూ ఎవరి జిల్లా పేరుతో వారు అడగండి. హద్దురాయి పాతేదాకా నేను గీయడం మానను, అడగడమూ మానను.