లేబుల్ లేని సీసా

"అంకుల్, ఆ సీసా మీద పేరు లేదేం? అందులో ఏముంది?"

ఈ ప్రశ్న వేసింది ఏడో తరగతి అమ్మాయి. యానాం నుంచి వచ్చి పుదుచ్చేరిలో స్థిరపడిన కుటుంబం. ఇక్కడి తెలుగువాళ్ల పిల్లల్ని ఓ నలభై మందిని కూర్చోబెట్టి బాబాల మహిమల గుట్టు విప్పుతున్నాను. అల్యూమినియం నాణెం గుప్పిట్లో పెట్టుకుని విభూతి రాలుస్తున్నాను. నేనేం జవాబు చెప్పానో తెలుసా? "అదేనమ్మా రహస్యం!" అన్నాను. పిల్లలందరూ నవ్వారు. ఆ అమ్మాయి మాత్రం నవ్వలేదు.

ఇంటికొచ్చాక ఆలోచిస్తే సిగ్గేసింది. అచ్చం బాబా చెప్పే జవాబే చెప్పాను.

ఆ సీసాలో ఉన్నది మెర్క్యూరిక్ క్లోరైడ్ ద్రావణం. మన సంఘాల వాళ్లకి ఈ ప్రదర్శన కొత్త కాదు. అల్యూమినియం మీద సహజంగా ఓ ఆక్సైడ్ పొర ఉండి లోపలి లోహాన్ని కాపాడుతుంది. పాదరసం ఆ పొరను నిలవనివ్వదు. అప్పుడు లోహం గాలితో, తేమతో చర్య జరిపి తెల్లటి బూడిదలా పొంగుతుంది. 2009లో మరణించిన బి. ప్రేమానంద్ లాంటి వారు ఇలాంటి గుట్టులెన్నో ఊరూరా తిరిగి విప్పారు. వారికి మనం రుణపడి ఉన్నాం. కానీ గురువులు చేశారు కాబట్టి మనమూ చేస్తున్నామంటే, దాన్ని ఆచారం అనక ఏమనాలి?

ఆ రాత్రే మొదటిసారి దాని సేఫ్టీ డేటా షీట్ తీసి చదివాను. ఎన్నో ఏళ్లుగా వాడుతూ మొదటిసారి!

ఈ షీటు గురించి తెలియని మిత్రుల కోసం రెండు మాటలు. ప్రమాదకర రసాయనాన్ని అమ్మేవాడు దానితోపాటు ఇవ్వాల్సిన సమాచార పత్రమిది. ఐక్యరాజ్యసమితి పద్ధతి ప్రకారం ఇందులో 16 విభాగాలుంటాయి. 2వది ప్రమాదాలు చెబుతుంది. 4వది ప్రథమ చికిత్స. 7వది ఎలా వాడాలి, ఎలా నిల్వ చేయాలి. 8వది చేతికి, కంటికి, ఊపిరికి ఏం రక్షణ కావాలి. 10వది దేనితో కలిస్తే ముప్పు. 11వది ఒంటికి ఏం చేస్తుంది. 13వది మిగిలినదాన్ని ఎలా పారవేయాలి.

నా సీసా షీటు 2వ విభాగంలో పుర్రె, ఎముకల బొమ్మ ఉంది. మింగితే ప్రాణాంతకం. చర్మానికి తగిలితే విషం. చర్మాన్ని కాలుస్తుంది. పదేపదే తగిలితే అవయవాలు పాడవుతాయి, ముఖ్యంగా మూత్రపిండాలు. ఒకటి రెండు గ్రాములు కడుపులోకి వెళ్లినా పెద్దమనిషి ప్రాణం పోవచ్చు. దాన్నే నేను ఉత్త చేత్తో రుద్ది, రాలిన బూడిదను పిల్లల అరచేతుల్లో వేశాను. విభూతి అనగానే నోట్లో వేసుకునే అలవాటున్న దేశంలో!

ఈ సంగతి సంఘంలో ఎత్తితే ఓ పెద్దాయన విసుక్కున్నారు. "ముప్పై ఏళ్లుగా చేస్తున్నాం. ఎవరికేమైంది?"

ఈ వాదన ఎక్కడో విన్నట్టు లేదూ? 1984 డిసెంబర్ 2 రాత్రి భోపాల్‌లో మిథైల్ ఐసోసయనేట్ వెలువడి వేలమంది చనిపోయారు. అగ్నిహోత్రం చేసిన కుటుంబాలకు ఏమీ కాలేదని తరవాత ప్రచారం చేశారు. మనమేం అడిగాం? అగ్నిహోత్రం చేయకుండా బతికినవాళ్ల మాటేమిటి, ఆ ఇళ్లు ఏ దిక్కున ఉన్నాయి, గాలి ఎటు వీచింది అని నిలదీశాం. మరి "ఎవరికేమైంది" అనే ఈయన్ని ఏం అడగాలి? ముప్పై ఏళ్లలో ప్రదర్శన చూసిన పిల్లల్లో ఒక్కరినైనా మళ్లీ వెళ్లి చూశారా? మీ మూత్రపిండాల పరీక్ష చేయించుకున్నారా? చూడకపోవడాన్ని ఏమీ కాకపోవడంగా లెక్కేస్తే భక్తుడికీ మనకీ తేడా ఏముంది?

ఇంకొకాయన "వాసన లేదు, మంట లేదు, భయమెందుకు?" అన్నారు. వాసనే సాక్ష్యమైతే మన ఊరి సంగతే చూడండి. 2024 జూన్‌లో రెడ్డియార్‌పాళయంలో మురుగు కాలువలోని విషవాయువు మరుగుదొడ్ల గుండా ఇళ్లలోకి వచ్చి ముగ్గుర్ని చంపింది. మురుగులో పుట్టే విషవాయువుల్లో ముఖ్యమైనది హైడ్రోజన్ సల్ఫైడ్. తక్కువ మోతాదులో కుళ్లిన కోడిగుడ్డు కంపు. మోతాదు 100 పీపీఎం దగ్గరికి వచ్చేసరికి ముక్కు మొద్దుబారి ఆ కంపే తెలియకుండా పోతుంది. వాసన పోయింది, గండం గడిచింది అనుకున్నవాడు పోతాడు. ఇది షీటులో రాసి ఉంటుంది. ముక్కు చెప్పలేనిది కాగితం చెబుతుంది.

అలాగని షీటును వేదంలా నెత్తిన పెట్టుకోమనడం లేదు. దాన్ని రాసేది సరుకు అమ్మేవాడే. అనుమానంతోనే చదవాలి. ఎప్పుడు సవరించారో తేదీ చూడండి. ఒకే రసాయనానికి ఇద్దరు అమ్మకందారుల షీట్లు పక్కపక్కన పెట్టండి. పేర్లు మారినా మారని క్యాస్ నంబరు చూసి పోల్చండి. నా సీసాది 7487-94-7. 11వ విభాగంలో "సమాచారం అందుబాటులో లేదు" అని ఉంటే ప్రమాదం లేదని అర్థం కాదు, ఆ సంగతి తేలలేదని అర్థం. మరోవైపు, ఉప్పుకీ షీటు ఉంటుంది, నీళ్లకీ ఉంటుంది. రసాయనం అన్న మాట వినగానే బెదిరిపోవడమూ మూఢత్వమే. ఎంత మోతాదు, ఏ దారిన ఒంట్లోకి వెళ్తుంది, ఎంతకాలం అన్నవే అడగాల్సిన ప్రశ్నలు.

ఇక ఫ్యాక్టరీల సంగతి. భోపాల్ తరవాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, ప్రమాదాల సమాచారం కార్మికుడికీ చుట్టుపక్కల జనానికీ చెప్పాలన్నారు. 1989 నాటి ప్రమాదకర రసాయనాల నియమాలు ఈ షీటును తప్పనిసరి చేశాయి. 2025 నవంబర్ 21న అమలులోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్ కూడా భద్రత సమాచారం అడిగే హక్కు కార్మికుడికిచ్చింది. అయినా షీటు ఎక్కడుంటుంది? ఇంగ్లీషులో, ప్లాస్టిక్ కవరులో, గోడ మీద. గుమ్మానికి కట్టిన దిష్టి గుమ్మడికాయలాగా! తమిళం, తెలుగు, హిందీ, ఒడియా మాట్లాడే కాంట్రాక్టు కూలీలు డ్రమ్ములు మోసే చోట అది ఎవరి కోసం?

వేలాడదీస్తే సరిపోదని 2020 మే 7న విశాఖ చూపింది. ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది చనిపోయారు. స్టైరీన్‌ను చల్లగా ఉంచాలి, తనంతట తాను పాలిమర్‌గా మారకుండా టీబీసీ అనే నిరోధకం తగినంత ఉండాలి. ఏ స్టైరీన్ షీటు తీసినా 7, 10 విభాగాల్లో ఈ మాటలే. ప్రభుత్వం వేసిన కమిటీ ఏం తేల్చింది? ట్యాంకులో ఉష్ణోగ్రత అదుపు సరిగా లేదు, నిరోధకం చాలలేదు అని. జ్ఞానం లేక జరిగింది కాదు. ఉన్న జ్ఞానాన్ని లెక్కచేయక జరిగింది.

ఆ కంపెనీని తిట్టడం తేలిక. తిట్టాలి కూడా. కానీ లేబుల్ లేని సీసాతో బడికి వెళ్లే నేను ఏ ముఖంతో తిట్టను? శాస్త్రీయ దృక్పథం ఉపన్యాసంలో ఉండి చేతిలో లేకపోతే అది వేషమే.

అందుకని మన సంఘాలకు నా మాట ఇది. మెర్క్యూరిక్ క్లోరైడ్ ప్రదర్శన ఆపేయండి. బాబాలకు కూడా అది అక్కర్లేదు. గంజితో విభూతి ఉండ కట్టి వేళ్ల సందున దాచి నలిపితే చాలు. మోసం బయటపడుతుంది, విషం ఉండదు. గ్లిజరిన్, పర్మాంగనేట్‌తో అగ్గి పుట్టించే వాళ్లు రెండింటి షీట్లూ చదివి, కళ్లద్దాలు పెట్టుకుని, పిల్లల్ని దూరంగా కూర్చోబెట్టండి. ప్రతి సీసాకీ లేబుల్ అంటించండి. షీటులోని ముఖ్యమైన నాలుగు మాటలు తెలుగులో రాసి పిల్లలకు చదివి వినిపించండి. మహిమ గుట్టు విప్పడంలో అదీ భాగమే.

నా సీసా ఇంకా నా దగ్గరే ఉంది. కాలువలో పోయొద్దని, చెత్తలో వేయొద్దని 13వ విభాగం చెబుతోంది. ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే అనుమతి ఉన్నవాళ్లకు అప్పగించే దాకా తాళం వేసిన బీరువాలో ఉంటుంది. ఇప్పుడు దాని మీద పేరుంది, పుర్రె బొమ్మ ఉంది, క్యాస్ నంబరుంది.

ఆ అమ్మాయి ఇంటికి వెళ్లి, తల్లిదండ్రుల ముందే, అందులో ఏముందో చెప్పి క్షమాపణ అడిగాను. "మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు అంకుల్?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు.