ఏ కౌంటీ అని అడగండి

మా వీధి చివర ఉండే రిటైర్డ్ హెడ్మాస్టరు గారు పోయిన నెల ఒక సాయంత్రం ప్లాస్టిక్ ఫోల్డరు పట్టుకుని మా ఇంటికి వచ్చారు. కూతురికి అమెరికా సంబంధం కుదిరేలా ఉంది. అబ్బాయికి ఇది రెండో పెళ్లి. ఆ సంగతి వాళ్లు దాచలేదు. "మొదటిదానికి విడాకులు అయిపోయాయమ్మా. మా మేనల్లుడు కాగితం కూడా తీసిచ్చాడు. ఓసారి చూసిపెట్టు" అన్నారు.

చూశాను. ఏదో వెబ్‌సైటుకు డబ్బు కట్టి తీసిన రెండు పేజీల ప్రింటు. అబ్బాయి పేరు, వయసు, ఇంతకుముందు ఉన్న ఊళ్లు, చివర విడాకులు అయినట్టు ఒక్క ముక్క. కేసు నంబరు లేదు, జడ్జి సంతకం లేదు, కోర్టు ముద్ర లేదు. "మాస్టారూ, ఈ విడాకులు ఏ కౌంటీలో అయ్యాయి?" అని అడిగాను. ఆయన కాసేపు ఆలోచించి, "డాలస్ అన్నారమ్మా" అన్నారు.

డాలస్ అన్నది ఊరి పేరు. విడాకుల కాగితం ఊరి పేరు చెబితే దొరకదు, కౌంటీ పేరు చెప్పాలి. అమెరికాకు పిల్లనిచ్చే ప్రతి ఇంట్లోనూ, అమెరికా పిల్లను చేసుకునే ప్రతి ఇంట్లోనూ ఈ ఒక్క మాట తెలిసి ఉండాలి.

అమెరికాలో విడాకుల చట్టం దేశమంతటికీ ఒకటి కాదు, రాష్ట్రానికొకటి. ఆ చట్టం కింద కేసు వేసేది సాధారణంగా కౌంటీ స్థాయిలో ఉండే కోర్టులో. కౌంటీ అంటే ఇంచుమించు మన జిల్లా. టెక్సాస్‌లో 254 కౌంటీలున్నాయి, కాలిఫోర్నియాలో 58, న్యూజెర్సీలో 21. ఫలానా మనిషికి విడాకులు అయ్యాయో లేదో వాషింగ్టన్‌లో కూర్చుని చూసి చెప్పే జాతీయ రిజిస్టరు ఏదీ లేదు. అక్కడి మన కాన్సులేటు దగ్గరా ఉండదు. మనం డాలస్ అని ఒక్క మాటలో చెప్పుకునే ప్రాంతంలోనే డాలస్, కాలిన్, డెంటన్, టారంట్ కౌంటీలు ఉన్నాయి. మనవాళ్లు ఎక్కువగా స్థిరపడిన ఫ్రిస్కో ఒక్కటే కాలిన్, డెంటన్ కౌంటీలు రెండింట్లోనూ పరుచుకుని ఉంది. కాలిఫోర్నియాలో సన్నీవేల్‌ది శాంటాక్లారా కౌంటీ అయితే, దానికి ఎంతో దూరం లేని ఫ్రీమాంట్‌ది అలమీడా కౌంటీ. న్యూజెర్సీలో ఎడిసన్ ఉన్నది మిడిల్‌సెక్స్ కౌంటీలో.

మనకు ఇది కొత్త సంగతేమీ కాదు. స్థలం కొనేటప్పుడు ఏం చేస్తాం? అది ఏ సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు పరిధిలోకి వస్తుందో కనుక్కుంటాం. ఈసీ తీయిస్తాం. లింకు డాక్యుమెంట్ల సర్టిఫైడ్ కాపీలు తెప్పిస్తాం. అమ్మేవాడు ఎంత దగ్గరి చుట్టమైనా ఇవన్నీ అడుగుతాం, అతనూ ఏమీ అనుకోడు. నూటయాభై గజాల స్థలానికి తీసుకునే జాగ్రత్తలో పావువంతు కూడా కూతురి పెళ్లికి తీసుకోకపోవడం నన్ను చాలాకాలంగా బాధపెడుతున్న విషయం.

విడాకుల కాగితం విలువ తెలియాలంటే తిరుపతిలో మొదలైన ఒక కేసు గురించి చెప్పాలి. 1975 ఫిబ్రవరిలో తిరుపతిలో ఒక జంటకు హిందూ సంప్రదాయం ప్రకారం పెళ్లయింది. 1978లో విడిపోయారు. భర్త విడాకుల కోసం ముందు తిరుపతి సబ్‌కోర్టులో పిటిషన్ వేశాడు. ఆ తర్వాత అమెరికాలో మిస్సోరీ రాష్ట్రం, సెయింట్ లూయిస్ కౌంటీలోని సర్క్యూట్ కోర్టులో మరొకటి వేశాడు. తాను 90 రోజులుగా ఆ రాష్ట్రంలో ఉంటున్నానని అందులో రాశాడు. భార్య ఇక్కడి నుంచే అభ్యంతరం తెలుపుతూ జవాబు పంపింది. ఆమె హాజరు కాకుండానే 1980 ఫిబ్రవరిలో కౌంటీ కోర్టు విడాకులు ఇచ్చేసింది. 1981 నవంబరులో ఆ భర్త యాదగిరిగుట్టలో మళ్లీ పెళ్లి చేసుకున్నాడు.

మొదటి భార్య ఊరుకోలేదు. తన పెళ్లి ఇంకా చెల్లుబాటులోనే ఉందని, భర్త చేసింది నేరమని కేసు పెట్టింది. కింది కోర్టు మెజిస్ట్రేటు మిస్సోరీ డిక్రీ జిరాక్సు కాపీ చూసి భర్తపై కేసు కొట్టేశారు. హైకోర్టు అది తప్పంది. జిరాక్సు సాక్ష్యంగా పనికిరాదంది. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1991 జూలైలో వచ్చిన ఆ తీర్పు ఇప్పటికీ ఇలాంటి కేసులన్నింటికీ ఆధారం. విదేశీ కోర్టు కాగితం చట్టం చెప్పిన ధ్రువీకరణతో రావాలని, ఉత్త నకలు చాలదని కోర్టు చెప్పింది. అంతకన్నా ముఖ్యంగా, ఆ విడాకులే ఇక్కడ చెల్లవని తేల్చింది. మిస్సోరీ కోర్టు చూపిన కారణం, ఆ కాపురం ఇక అతకదు అన్నది. హిందూ వివాహ చట్టం, 1955లో ఆ కారణం లేదు. భార్య ఆ కోర్టు అధికారానికి ఒప్పుకోనూ లేదు. భర్తకు మిస్సోరీలో స్థిర నివాసమూ లేదు. మెజిస్ట్రేటు ముందున్న కేసు త్వరగా నడపమని ఆదేశించింది.

తిరుపతిలో తాళి కట్టించుకున్న ఒక తెలుగింటి ఆడపడుచు, ఎన్నడూ గడప తొక్కని ఒక కౌంటీ కోర్టు కాగితంతో పదేళ్లకు పైగా పోరాడాల్సి వచ్చింది. ఆ పోరాటం వల్లే మనకు ఇవాళ ఒక కొలబద్ద ఉంది. అవతలి మనిషి స్థిరంగా ఉంటున్న చోటి కోర్టు అయి, మన చట్టం ఒప్పే కారణం మీద ఇస్తే ఆ విడాకులు ఇక్కడా చెల్లుతాయి. అవతలి మనిషి తనంతట తాను ఆ కోర్టుకు వచ్చి, మన చట్టం ఒప్పే కారణం మీదే వాదించినా చెల్లుతాయి. విడాకులకు ఇద్దరూ సమ్మతించినా చెల్లుతాయి. ఇవేవీ లేకుండా ఒక్కరే వెళ్లి తెచ్చుకున్న డిక్రీ అక్కడ విడాకులే కావచ్చు, ఇక్కడ మాత్రం మొదటి పెళ్లి నిలిచే ఉంటుంది. అలాంటి మనిషిని చేసుకున్న పిల్ల గతి ఏమిటో ఆలోచించండి.

అందుకే కాగితం చూడాలి, అసలుది చూడాలి. దాన్ని సంపాదించడం కష్టమేమీ కాదు. ముందు కౌంటీ, కేసు వేసిన సంవత్సరం తెలియాలి. చాలా కౌంటీ కోర్టుల క్లర్కు కార్యాలయాలు తమ వెబ్‌సైట్లలో పేరుతో కేసులు వెతికే వీలు కల్పిస్తున్నాయి. మన పేర్లతో మాత్రం జాగ్రత్త. ఇంటిపేరు ముందో వెనకో, రెండు రకాలుగానూ వెతకాలి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్లకు వీసా మీద మొత్తం పేరును ఇంటిపేరు చేసి, అసలు పేరు ఉండాల్సిన చోట ఎఫ్ఎన్‌యూ అని వేస్తారు. అలాంటివాళ్ల కేసు ఆ మూడక్షరాల కింద కూడా ఉండొచ్చు. లక్ష్మి, శ్రీనివాస్ లాంటి పేర్లకు ఇంగ్లిషులో ఎన్ని స్పెల్లింగులున్నాయో అన్నిటితోనూ చూడాలి. పేరు కనబడలేదంటే కేసు లేదని అర్థం కాదు.

ఏ కార్యాలయాన్ని అడగాలో కూడా తెలియాలి. టెక్సాస్‌లో పెళ్లి లైసెన్సు ఇచ్చేది కౌంటీ క్లర్కు, విడాకుల కాగితం ఉండేది డిస్ట్రిక్ట్ క్లర్కు దగ్గర. కాలిఫోర్నియాలో ఆ కౌంటీ సుపీరియర్ కోర్టును అడగాలి. రాష్ట్ర ప్రభుత్వాలు ఇచ్చే పత్రాలు కొన్ని ఉన్నాయి, కానీ అవి వేరు. టెక్సాస్ ఆరోగ్య శాఖ 1968 నుంచి నమోదైన విడాకులకు ధ్రువీకరణ లేఖ ఇస్తుంది. అది మన ఈసీ లాంటిది, నమోదు ఉన్నదీ లేనిదీ మాత్రమే చెబుతుంది. డిక్రీ అసలు దస్తావేజు లాంటిది. ఏ కారణం మీద ఇచ్చారు, అవతలి మనిషి వచ్చారా, ఒప్పుకున్నారా, పిల్లలు ఎవరి దగ్గర ఉంటారు, నెలనెలా ఎవరు ఎవరికి ఎంత ఇవ్వాలి అన్నవి తెలిసేది అందులోనే. న్యూయార్క్ రాష్ట్రంలో విడాకుల ఫైళ్లు బయటివాళ్లకు చూపరు. కేసులో ఉన్నవాళ్లు, వాళ్ల లాయర్లే తెచ్చుకోగలరు. అక్కడి సంబంధమైతే అబ్బాయినో అమ్మాయినో స్వయంగా తెప్పించమని అడగడమే దారి. తెప్పించిన సర్టిఫైడ్ కాపీకి ఆ రాష్ట్ర సెక్రటరీ ఆఫ్ స్టేట్ కార్యాలయం వేసే అపోస్టిల్ ముద్ర కూడా ఉంటే ఇక్కడి అధికారుల ముందు పెట్టడం సులువవుతుంది. అపోస్టిల్‌ను పరస్పరం గుర్తించే అంతర్జాతీయ ఒప్పందంలో మన దేశం 2005 నుంచి ఉంది.

ఇక అక్కడే ఉండి కాపురం నిలవక సతమతమవుతున్న మన పిల్లలకు రెండు మాటలు. విడాకుల కేసు వేయడానికి గ్రీన్‌కార్డు ఉండాలన్న నియమం లేదు. ఎంతకాలంగా ఉంటున్నారన్నదే చూస్తారు. టెక్సాస్‌లో భార్యాభర్తల్లో ఒకరు రాష్ట్రంలో ఆరు నెలలు, ఆ కౌంటీలో 90 రోజులు ఉండాలి. కాలిఫోర్నియాలో రాష్ట్రంలో ఆరు నెలలు, కౌంటీలో మూడు నెలలు. న్యూజెర్సీలో చాలావరకు ఏడాది. కేసు వేశాక కూడా గడువుంటుంది. టెక్సాస్‌లో కనీసం 60 రోజులు, కాలిఫోర్నియాలో అవతలివారికి కాగితాలు అందిన దగ్గర్నుంచి కనీసం ఆరు నెలలు. ఫీజు కట్టలేనివాళ్లు మాఫీ కోరవచ్చు. కాలిఫోర్నియాలో ప్రతి కౌంటీ కోర్టులోనూ ఫారాలు నింపడంలో ఉచితంగా సాయపడే కేంద్రం ఉంది. భర్త వీసా మీద హెచ్-4లో ఉన్న అమ్మాయి మాత్రం విడాకులు ఖరారైన రోజుతో ఆ వీసా హోదా పోతుందని ముందే తెలుసుకుని, విడాకుల లాయరుతోపాటు ఇమిగ్రేషన్ లాయరునూ కలవాలి.

పుట్టింట్లో ఉండగా అమెరికా కోర్టు కాగితాలు వస్తే చింపేయకండి, తలుపు వెనక దాచకండి. భయపడి వాళ్లు చెప్పినచోట సంతకమూ పెట్టకండి. మన దేశంలో ఉన్న మనిషికి విదేశీ కోర్టు కాగితాలు పోస్టులో పంపడాన్ని భారతదేశం అంతర్జాతీయ ఒప్పందంలోనే వ్యతిరేకించింది. అవి ఢిల్లీలోని న్యాయ శాఖ ద్వారా రావాలి. వాట్సాప్‌లోనో కొరియర్‌లోనో వచ్చిన కాగితానికి ఎలా స్పందించాలో లాయరు చెప్పాలి. అభ్యంతరం చెబుతూ రాయడం వేరు, ఆ కోర్టుకు లోబడి వాదించడం వేరు. ఆ తేడా మీదే తిరుపతి అమ్మాయి కేసు నిలబడింది.

ఇవన్నీ అడిగితే సంబంధం తప్పిపోతుందేమోనని పెద్దలు భయపడతారు. ఆ భయం నాకు అర్థమవుతుంది. విడాకులైన మనిషిని మచ్చ ఉన్నవాడిగా చూడటానికి నేను పూర్తిగా వ్యతిరేకిని. ఒక చేదు కాపురం నుంచి బయటపడి మళ్లీ బతుకు కట్టుకోవాలనుకునేవాళ్లకు, ఆడైనా మగైనా, మన ఇళ్లలో గౌరవం దక్కాలి. అందుకే వాళ్ల గతం గురించి ఊరంతా ఆరా తీయడం మానేయాలి. మధ్యవర్తి చెవిలో చెప్పిన కథలు, పక్కింటివాళ్ల ఊహలు అక్కర్లేదు. కోర్టు ముద్ర ఉన్న ఒక్క కాగితం చాలు. అది అడిగినవాళ్లనూ కాపాడుతుంది, ఇచ్చినవాళ్లనూ పుకార్ల నుంచి కాపాడుతుంది.

ప్రభుత్వాలు చేయాల్సిందీ ఉంది. 2024లో లా కమిషన్ తన 287వ నివేదికలో ప్రవాస భారతీయుల పెళ్లిళ్లన్నీ తప్పనిసరిగా రిజిస్టరు చేయాలని, పాస్‌పోర్టులో వైవాహిక స్థితి నమోదు కావాలని, వీటికి సమగ్రమైన చట్టం తేవాలని సిఫారసు చేసింది. ఆ సిఫారసుల మేరకు పార్లమెంటు చట్టం చేసేలా రెండు తెలుగు రాష్ట్రాల ఎంపీలు పట్టుబట్టాలి. ప్రవాసుల్లో మన వాటా ఎంతో వాళ్లకు తెలియనిది కాదు. అమెరికాలోని తెలుగు సంఘాలు జరిపే సంబరాల్లో పెళ్లి సంబంధాల వేదిక పక్కనే, కౌంటీ రికార్డు ఎలా తీయాలో చెప్పే ఒక బల్ల వేస్తే ఎన్నో ఇళ్లు నిలబడతాయి.

హెడ్మాస్టరు గారు రెండు రోజులు తటపటాయించి, చివరికి అబ్బాయికే ఫోన్ చేశారు. "బాబూ, నీ విడాకులు ఏ కౌంటీలో అయ్యాయి?" అని అడిగారు. అబ్బాయి కాలిన్ కౌంటీ అని చెప్పి, వారంలో సర్టిఫైడ్ కాపీ తెప్పించి పంపాడు. ఇద్దరూ సమ్మతించినట్టు అందులో స్పష్టంగా ఉంది. దాన్ని ఇక్కడి లాయరుకు కూడా చూపించారు. "మాస్టారూ, ఈ కాగితం అడిగినవాళ్లు మీరే మొదలు. మిగతావాళ్లంతా మా పాత కాపురంలో ఏం జరిగిందని అడిగారు" అన్నాడట అబ్బాయి.

ఆ తర్వాత ఒక సాయంత్రం ఆయన మళ్లీ వచ్చారు. ఈసారి ఫోల్డరు లేదు, చేతిలో లగ్నపత్రిక ఉంది.