ఖాకీ తొడుక్కున్న వెట్టి

సైరన్లు రాకముందు ఊరికి సైరన్ మా డప్పే. ఏరు పొంగినా, వాము అంటుకున్నా అర్ధరాత్రి వీధి వీధీ తిరిగి చాటినోళ్లు మా తాతలు. శవాన్ని మోసిందీ, చచ్చిన గొడ్డును లాగిందీ వాళ్లే. దానికి ఊరు పెట్టిన పేరు వెట్టి. కల్లంలో నాలుగు గింజలు మేర కొలిచేవాళ్లు. దాన్ని జీతమని మాత్రం ఏనాడూ అనలేదు.

ఇక దేశం సంగతి. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ, కాకినాడల మీద బాంబులేశాయి. యుద్ధం ఇళ్ల మీదికే వస్తుందని మనవాళ్లకు ఆనాడు తెలిసొచ్చింది. 1946 డిసెంబరులో బొంబాయిలో అల్లర్లు అణచడానికి హోంగార్డులు పుట్టారు. 1957లో నాగపూరులో శిక్షణ సంస్థ పెట్టారు. అంతకు ముందు ఏడే బాబాసాహెబ్ లక్షలాది మందికి దీక్ష ఇచ్చిన నగరం అది. 1962 చైనా యుద్ధం తర్వాత పోలీసులకూ పౌర రక్షణకూ చేయూతగా రాష్ట్రాల్లో హోంగార్డులను ఒకే తీరు దళంగా దిద్దారు. 1968లో పౌర రక్షణ చట్టం వచ్చింది. 2010లో తుపాన్లు, వరదల పని కూడా అందులో చేర్చారు.

అన్నీ మారాయి. 'స్వచ్ఛంద' అన్న మాట ఒక్కటే మారలేదు!

పొలమూ ఉద్యోగమూ ఉన్నోడికి సేవ ముచ్చట. మా వాడల పిల్లలకు అది పొట్టకూడు. మేం అక్షరాలు దిద్దించిన పిల్లలే ఇవాళ చౌరస్తాల్లో ఎండకు మాడుతున్నారు. వాళ్లు స్వచ్ఛంద సేవకులు కాబట్టి రెగ్యులర్ చెయ్యడం కుదరదని 2015లో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే నెల భత్యం పోలీసు కనీస వేతనానికి తగ్గకూడదని కూడా చెప్పింది. భత్యం పెంచాం కదా అంటారు పాలకులు. పంట పండిన ఏడు మేర కూడా పెరిగేది దొరా! పెరిగినంత మాత్రాన వెట్టి ఉద్యోగమైందా?

ఇంకో మాట. 1968 చట్టం లోపలి అల్లర్లలో జరిగే దాడిని కూడా శత్రు దాడిగానే లెక్కేసింది. 1985 జూలై 17న కారంచేడుకు, 1991 ఆగస్టు 6న చుండూరుకు శత్రువు ఏ విమానంలో దిగాడు? 2025 మే 7న దేశమంతటా సైరన్లు మోగించి మాక్‌డ్రిల్ చేశారు. సంతోషం. మరి వాడ మీద దాడి జరిగితే ఏం చెయ్యాలో డ్రిల్ ఎన్నడు?

రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. కాబట్టి మేం అడిగేది దానం కాదు. కాపలా కాసేవాడికి ఉద్యోగం, పింఛను ఇవ్వాలి. వాడకు కూడా కాపలా ఉండాలి. అప్పటిదాకా డప్పు మోగుతూనే ఉంటుంది, ఈసారి మా కోసం.

జై భీమ్!