పాత కారుకి కొత్త నరాలు

పెయింటు కొత్తది. సీట్లు కొత్తవి. ఇంజన్‌కి బోరింగ్ కూడా అయింది. తాతగారి అంబాసిడర్ పెళ్లికొడుకులా షెడ్డులోంచి బయటికొస్తుంది. నెల తిరక్కుండానే డాష్‌బోర్డు కింద నుంచి పొగ! లక్షలు పోసి కారుకి పూర్వవైభవం తెచ్చినవాళ్లు కూడా వైరింగ్ దగ్గరికొచ్చేసరికి చేయి బిగబడతారు. పైకి కనపడదు కదా!

అంబాసిడర్‌కి మూలం బ్రిటన్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్. ఆ తరం బ్రిటిష్ కార్లలో చాలావాటికి ఫ్యూజులు రెండే ఉండేవి. హెడ్‌లైట్లకి అవీ దిక్కులేదు. అప్పట్లో సరిపోయింది. ఇప్పుడో? హాలోజన్ బల్బులు, పెద్ద హారన్, పాటల పెట్టె, ఫోన్ ఛార్జరు... అన్నీ కావాలి.

కాబట్టి వైరింగ్ కిట్ కొనేముందు కాగితం మీద లెక్క వేసుకోవాలి. వాట్లని వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు. 60 వాట్ల హెడ్‌లైట్లు రెండు వెలిగితే, 12 వోల్టుల బండిలో అక్కడికే 10 ఆంపియర్లు. 0.30 మిల్లీమీటర్ల రాగి పోగులు 14 ఉన్న వైరు మోసేది 9లోపే. 28 పోగులుంటే 17 దాకా ఫరవాలేదు. కొన్ని చవక కిట్లలో ప్లాస్టిక్ తొడుగు లావుగా ఉంటుంది, లోపల రాగి మాత్రం పీలగా! కొనేవారు చూడాల్సింది పోగుల్ని. హెడ్‌లైట్ల కరెంటు పాత స్విచ్చి మీదుగా పోకుండా రిలేలు ఉన్నాయా అన్నదీ అడగాలి.

దొరికేవి రెండు రకాలు. ఒకటి, ఆ మోడల్‌కే పాత కొలతలతో అల్లింది. రెండోది, ఏ బండికైనా సరిపోతుందని అమ్మేది. ఫ్యూజులు వరసగా ఉంటాయి, ముచ్చటగానే ఉంటుంది. కానీ అలాంటివి ఎక్కువగా ఆల్టర్నేటర్‌ని దృష్టిలో పెట్టుకుని చేస్తారు. డైనమో, కటౌట్ అలాగే ఉంచుకునేవారికి దానితో తిప్పలే. పైగా 1960ల మధ్య వరకూ వచ్చిన బ్రిటిష్ కార్లలో చాలావాటికి బ్యాటరీ పాజిటివ్ వైపే బాడీకి ఎర్త్. అది చూసుకోకుండా ఆల్టర్నేటర్ తగిలిస్తే లోపలి డయోడ్లు క్షణంలో మాడిపోతాయి. బండి పాత రూపంలోనే ఉండాలనుకుంటే మొదటి రకమే మేలు. దానికి అదనపు ఫ్యూజులు, రిలేలు పెట్టించుకుంటే చాలు.

'అంతా ఎర్ర వైరే లాగేద్దాం సార్, కరెంటుకి రంగు తెలుస్తుందా?' అనే మెకానిక్కులూ ఉంటారు. కరెంటుకి తెలీదు నిజమే. అర్ధరాత్రి సూర్యాపేట దాటాక లైట్లు ఆరిపోతే, టార్చి పట్టుకుని వంగిన ఇంకో మెకానిక్కుకి తెలియాలిగా! లూకాస్ పద్ధతిలో గోధుమరంగు నేరుగా బ్యాటరీది, తెలుపు ఇగ్నిషన్‌ది, ఆకుపచ్చ ఫ్యూజు దాటి వచ్చింది, నలుపు ఎర్త్. ఆ వరస తప్పని కిట్‌కి నాలుగు డబ్బులు ఎక్కువైనా ఇవ్వొచ్చు.

ఇంకోమాట. పాత వైరింగ్‌ని ముక్కలుగా కోసి పీకేయకూడదు. పీలికలైనా సరే, ఏ కొస ఎక్కడిదో చీటీలు కట్టి, మొత్తంగా తీసి నేలమీద పరవాలి. పక్కనే కొత్తది పరిస్తే ఏ కొమ్మ పొట్టిదో అప్పుడే తెలిసిపోతుంది. కారులో బిగించాక తెలిస్తే, ఇక జాయింట్లు, టేపులే!