ఉప్పు లెక్క రాని డేటా సైన్స్

డేటా సైన్స్ ఊసు లేని కాలేజీ ప్రకటన ఈమధ్య కనబడటం లేదు. పైథాన్, పవర్ బీఐ, మెషీన్ లెర్నింగ్ నేర్పితే ఉద్యోగం వస్తుంది. ఆఖర్న ప్రభుత్వ డేటా చేతికిచ్చి ఒక హ్యాకథాన్ పెడితే ప్రజాసేవ కూడా అయిపోతుంది. ఇదీ చలామణిలో ఉన్న నమ్మకం. ముందు పనిముట్లు, తర్వాత ప్రజలు. ఈ వరుసే తప్పంటాను.

తెలంగాణ సంగతి చూడండి. 2014–2019 మధ్య అక్కడ 18 లక్షలకు పైగా ఆహార భద్రత కార్డులు రద్దయ్యాయి, నోటీసైనా లేకుండా. ఈ ఏరివేతలో 'సమగ్ర వేదిక' అనే సాఫ్ట్‌వేర్‌ను వాడారు. అది రకరకాల శాఖల రికార్డుల్లోని పేర్లూ చిరునామాలూ పోల్చి, ఇవన్నీ ఫలానా మనిషివేనని తేలుస్తుంది. ఎవరిదో కారు ఒక పేదవాడి లెక్కలో పడిందా, బియ్యం బందు. 2022లో సుప్రీంకోర్టు రద్దయిన కార్డులను మళ్లీ క్షేత్రస్థాయిలో పరిశీలించమంది. అలా చూసిన 2 లక్షల పైచిలుకు దరఖాస్తుల్లో 15 వేలకు పైగా అర్హులవేనని తేలింది. అంటే ఏడున్నర శాతం. క్లాసులో ఈ మాత్రం తప్పుతో మోడల్ కట్టిన కుర్రాడికి మంచి గ్రేడే వస్తుంది.

మన పేర్ల తీరు తెలిసినవాళ్లను ముందే కూర్చోబెట్టి అడగాల్సింది. ఇంటిపేరు ఒక కాగితంలో పూర్తిగా, మరోదాంట్లో పొడి అక్షరంగా ఉంటుంది, ఇంకోదాంట్లో ఉండనే ఉండదు. లక్ష్మి పేరును ఇంగ్లీషులో ఒక్కో గుమాస్తా ఒక్కోలా రాస్తాడు. ఒకే వాడలో నలుగురు వెంకటేశ్వర్లు ఉంటారు. ఇది తెలుగు ఎం.ఏ. విద్యార్థికీ సోషియాలజీ విద్యార్థికీ కొట్టినపిండి. డేటా కోర్సు మీది కాదని మనం గుమ్మంలోనే ఆపేసేదీ వాళ్లనే.

'పిల్లలకు కావాల్సింది ఉద్యోగం, మీ నీతిపాఠం కాదు' అంటారు. ఉద్యోగం కావాలి, నిజమే. నీతిపాఠం నేనూ అడగడం లేదు; సెమిస్టరుకో గంట ఎథిక్స్ చెప్పి చేతులు దులుపుకోవడం నాకూ గిట్టదు. అడుగుతున్నది పనితనం. రేపు బ్యాంకులో అప్పుల దరఖాస్తులు వడపోసేదీ ఈ పిల్లలే. ఒకరి బాకీ మరొకరి పేరున పడితే అక్కడా నష్టమే.

పనితనమంటే ఏమిటో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి కలకత్తా వెళ్లిన గణాంకవేత్త సి.ఆర్. రావు చెప్పిన ఉదంతంలో ఉంది. 1947 అల్లర్లప్పుడు ఢిల్లీ ఎర్రకోటలో తలదాచుకున్నవాళ్లు ఎందరో ప్రభుత్వానికి తెలియదు. కాంట్రాక్టర్ల బిల్లులు మాత్రం వచ్చిపడుతున్నాయి. లోపలికి తొంగిచూసే వీల్లేని గణాంకవేత్తలు బియ్యం, పప్పు, ఉప్పు దేనికది తీసుకుని తలసరి వాడకంతో భాగించారు. ఏ సరుకు లెక్క ఆ సరుకుదే, ఒకదానికొకటి పొంతన లేదు. వాళ్లు ఉప్పునే నమ్మారు. అది చవక సరుకు, ఎక్కువ రాసినా కాంట్రాక్టరుకు మిగిలేదేం లేదు. భాగహారం బడిపిల్లలూ చేస్తారు. బిల్లు రాసేవాడు ఎక్కడ చేయి పెడతాడో పసిగట్టడమే అసలు విద్య.

అది మన పల్లెలకూ తెలుసు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుంచి ఉపాధి హామీ సామాజిక తనిఖీల కోసం కూలీల ఇళ్ల యువకులు మస్టర్లు పట్టుకుని గడపగడపకూ తిరిగారు. ఈ వేలిముద్ర నీదేనా, ఈ రోజుల్లో పనికెళ్లావా, డబ్బు చేతికొచ్చిందా అని అడిగారు. తేలిన తేడాలను ఊరందరి ముందూ చదివారు. దానికి కోడింగు అక్కర్లేకపోయింది. అది డేటా పని కిందికి రాదట, రంగురంగుల డ్యాష్‌బోర్డు గీస్తేనే వస్తుందట!

డేటా సైన్స్ విభాగాలు ఇలాంటి తనిఖీకి ఒక సెమిస్టరు పూర్తిగా ఇవ్వాలి. స్టాటిస్టిక్స్, తెలుగు, సోషియాలజీ విద్యార్థులను ఒకే జట్టుగా కూర్చి, ఒక మండలం జాబితాతో ఊళ్లకు పంపాలి. జనం వివరాలు బయటికి పొక్కకుండా కాపాడటం కూడా అక్కడే నేర్పాలి. పైథాన్ వద్దనను, తిరిగొచ్చాక తేడాలు వెతకడానికి కావాలి. మార్కులు మాత్రం జాబితాలోంచి జారిపోయిన ఇల్లు ఏ మెట్టు దగ్గర, ఎవరి చేతిలో జారిందో రాసినదానికి వేయాలి.