ఒక్క ‘నో’తో ఖాళీ అయిపోయిన పాక్-12.. అమెరికా కాలేజ్ ఫుట్‌బాల్‌లో అసలేం జరిగింది?

అమెరికాలో కాలేజ్ ఫుట్‌బాల్ అంటే మామూలు క్రేజ్ కాదు. లక్ష మంది పట్టే స్టేడియాలు కూడా నిండిపోతుంటాయి. అక్కడ యూనివర్సిటీలు ‘కాన్ఫరెన్స్‌’లుగా ఏర్పడి ఆడతాయి. టీవీ హక్కులు అమ్మేది కాన్ఫరెన్సే, డబ్బులు పంచేదీ అదే. అందుకే ఎవరు ఏ గ్రూపులో ఉన్నారన్నది కోట్ల డాలర్ల విషయం. ఈ ఆటలో 1915 నుంచి చరిత్ర ఉన్న పాక్-12లో 12 టీమ్‌లకు చివరికి మిగిలింది రెండే!

అసలేం జరిగిందంటే.. 2021 జూలైలో టెక్సాస్, ఓక్లహామా యూనివర్సిటీలు బిగ్ 12ను వదిలి ఎస్ఈసీకి వెళ్తామని ప్రకటించాయి. ఇక బిగ్ 12 పని అయిపోయిందనే చాలామంది అనుకున్నారు. మిగిలిన టీమ్‌లను లాగేసుకునే ఛాన్స్ పాక్-12కి వచ్చింది. కానీ కొత్త సభ్యులు అక్కర్లేదని ఆగస్టులో తేల్చేసింది. కథ అడ్డం తిరిగింది అక్కడే. బిగ్ 12 వెంటనే బీవైయూ, హ్యూస్టన్ సహా నాలుగు టీమ్‌లను చేర్చుకుని నిలదొక్కుకుంది.

2022 జూన్ 30న పాక్-12కి అసలు దెబ్బ పడింది. యూఎస్‌సీ, యూసీఎల్‌ఏ రెండూ బిగ్ టెన్‌కి వెళ్తున్నట్టు చెప్పేశాయి. అంటే లాస్ ఏంజిలిస్ టీవీ మార్కెట్ చేజారినట్టే. మరో రెండు నెలలు తిరగకుండానే ఫాక్స్, సీబీఎస్, ఎన్‌బీసీలతో బిగ్ టెన్ ఏడేళ్లకు 700 కోట్ల డాలర్లకు పైగా డీల్ కొట్టింది.

ఇక్కడే బిగ్ 12 కమిషనర్ బ్రెట్ యోర్‌మార్క్ తెలివి చూపించారు. పాక్-12 కాంట్రాక్ట్ 2024లో, బిగ్ 12ది 2025లో ముగుస్తాయి. లెక్క ప్రకారం క్యూలో ముందున్నది పాక్-12. అయినా ఆయన ముందే వెళ్లి ఈఎస్‌పీఎన్, ఫాక్స్‌తో ఆరేళ్లకు 228 కోట్ల డాలర్లు ఖాయం చేసుకున్నారు. పాక్-12 మాత్రం ఇంకా మంచి రేటు కోసం ఎదురుచూస్తూ కూర్చుంది. చివరికి చేతికొచ్చింది యాపిల్ స్ట్రీమింగ్ ఆఫర్. సబ్‌స్క్రైబర్లు పెరిగితేనే డబ్బులు పెరుగుతాయి. ఆ రిస్క్ ఎవరు తీసుకుంటారు? కొలరాడో అప్పటికే జారుకుంది. 2023 ఆగస్టు 4న ఒక్కరోజే ఐదు టీమ్‌లు గుడ్‌బై చెప్పేశాయి.

స్టాన్‌ఫర్డ్, కాలిఫోర్నియా యూనివర్సిటీలు అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్‌లో చేరాయి. పసిఫిక్ ఒడ్డున ఉంటూ అట్లాంటిక్ పేరుతో ఆడటమన్నమాట! వాటితోపాటే చేరిన డాలస్‌లోని ఎస్ఎంయూ అయితే తొమ్మిదేళ్లు కాన్ఫరెన్స్ టీవీ డబ్బుల్లో వాటా అడగబోమని ఒప్పుకుంది. పిచ్చి పనిలా కనిపించినా, తొలి సీజన్‌లోనే 12 టీమ్‌ల ప్లేఆఫ్స్‌కి వెళ్లింది. పెద్ద గ్రూపులో సీటుకి ఉన్న విలువ అది.

ఎవరూ పిలవనివి ఓరెగాన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్. అవి కోర్టుకెళ్లి మరీ పాక్-12 బోర్డుని చేతిలోకి తెచ్చుకున్నాయి. బోయిసీ స్టేట్, శాన్ డియాగో స్టేట్ లాంటి టీమ్‌లతో కలిసి 2026 సీజన్‌కి పాక్-12ని మళ్లీ నిలబెట్టే పని మొదలుపెట్టాయి.

డీల్స్ అన్నీ ఫుట్‌బాల్ కోసమే. భారం మాత్రం వేరేవాళ్ల మీద పడుతోంది. ఫుట్‌బాల్ టీమ్ వారానికో మ్యాచ్ ఆడుతుంది. వాలీబాల్, సాఫ్ట్‌బాల్ ఆడే అమ్మాయిలకు మ్యాచ్‌లు ఎక్కువ. సియాటెల్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీ నుంచి న్యూజెర్సీలోని రట్గర్స్‌కి 3,800 కిలోమీటర్ల పైనే దూరం. ఇప్పుడు రెండూ ఒకే కాన్ఫరెన్స్. మ్యాచ్ ముగించుకుని అంత దూరం తిరిగొచ్చి, మళ్లీ క్లాసులో కూర్చోవాల్సింది వాళ్లే.